కీర్తనల పలక వెనుక పిచ్చుకలు

మా సండే స్కూల్లో కంఠత వాక్యం అప్పజెప్పే ముందు ఇంకొకటి అప్పజెప్పాలి. టీచరమ్మ రిజిస్టరు తెరిచి హాజరు వేసుకుంటూ ఒక్కొక్కరినీ "ఈ వారం ఏమి చూశావు?" అని అడిగేవారు. చుట్టాలను చూశాను, సినిమా చూశాను అంటే లెక్కలోకి రాదు. ప్రాణమున్నదై ఉండాలి, మనం పెంచనిదై ఉండాలి. ఇంట్లో కోడి, కుక్క చెల్లవన్నమాట. "కాకిని చూశాను టీచరమ్మా" అని తప్పించుకోబోతే "ఆ కాకి ఏమి చేస్తోంది?" అనే రెండో ప్రశ్న సిద్ధంగా ఉండేది. అందుకని శనివారం సాయంత్రమయ్యేసరికి మా వీధి పిల్లలకు భక్తి సంగతి ఎలా ఉన్నా, కాకుల మీద మాత్రం విపరీతమైన ధ్యాస పుట్టుకొచ్చేది.

ఇది గుంటూరులో, 1980ల తొలి సంవత్సరాల మాట. మాది లూథరన్ చర్చి. ఆవరణలో వేపచెట్లు, ఒక మూల పెద్ద చింతచెట్టు, ప్రహరీ పక్కన ఎవరూ నాటని తుమ్మలు. టీచరమ్మ వారమంతా ఆడపిల్లల హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవారు, ఆదివారం మాకు బైబిలు. రెండింటికీ సంచి ఒకటే. అందులో బైబిలు, కీర్తనల పుస్తకం, సుద్దముక్కలు, ఒక భూతద్దం ఉండేవి. భూతద్దం బడిది. సోమవారం మొదటి గంట కొట్టేలోగా అది తన అల్మారాలోకి చేరిపోవాలి. ఆదివారం ఒక్కరోజు దానికి మారుమనస్సు కలిగి గుడికి వస్తుందని మా అన్నయ్య వేళాకోళం చేసేవాడు.

ఆ రోజుల్లో సండే స్కూలు అంటే ఫ్లానెల్ బోర్డు. గుడ్డ మీద రంగు బొమ్మలు అతికిస్తూ కథ చెప్పేవారు. ఆ బొమ్మల్లో గొర్రె తెల్లగా, బొద్దుగా, ఒళ్లంతా ఉన్నితో ఉండేది. మేక పక్కన పెడితే పసిపిల్లలు కూడా ఇట్టే పోల్చుకుంటారు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో కాపరి మేకల్లోంచి గొర్రెలను వేరుచేసే మాట వచ్చినప్పుడు, అందులో అంత చెప్పుకోవలసింది ఏముందో మాకు తోచలేదు. టీచరమ్మ బోర్డు మడిచి గోడకు ఆనించి, మమ్మల్ని గేటు బయటికి తీసుకెళ్లి వరుసగా నిలబెట్టారు. ఆ దారిన పొద్దుటిపూట మంద వెళ్తుంది. మన వైపు గొర్రెలు నెల్లూరు జాతివి. ఉన్ని ఉండదు, పొడుగు కాళ్లు, ఒంటి మీద పొట్టి వెంట్రుకలు. దుమ్ములో కదిలిపోతున్న ఆ మందలో ఏది మేకో, ఏది గొర్రో మాలో ఒక్కరూ ధైర్యంగా చెప్పలేకపోయాం. కాపరి మా అవస్థ చూసి నవ్వి, "తోకలు చూడండి పిల్లలూ" అన్నాడు. మేక తోక పైకి లేచి ఉంటుంది, గొర్రె తోక కిందికి వేలాడుతుంది. ఇక చూడండి, మంద మలుపు తిరిగేదాకా "మేక! గొర్రె! గొర్రె! మేక!" అని ఒకటే గోల. లోపల పెద్దల ఆరాధన మొదలైందని ఎవరో వచ్చి కేకలేశారు కూడా. ఆ తరువాతే లోపలికి వచ్చి అధ్యాయం చదివాం. వేరుచేయడానికి దగ్గరగా చూసే కాపరి కావాలని మాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ రాలేదు.

ఆవిడ పద్ధతి మొత్తం ఇదే. చూడటం ముందు, వాక్యం తరువాత. చాలామంది టీచర్లు దీన్ని తలకిందులు చేస్తారు. వాక్యం చెప్పి, దానికి తగిన పువ్వునో పిట్టనో ఉదాహరణగా పట్టుకొస్తారు. అప్పుడు పిల్లవాడికి పిట్ట కనిపించదు, నీతి ఒక్కటే కనిపిస్తుంది. నీతి దొరికాక ఇక పిట్టతో పనేముంది?

సామెతల గ్రంథం ఆరో అధ్యాయంలో సోమరిని చీమల దగ్గరికి పొమ్మనే మాట ఉంది కదా. "చీమలలాగా కష్టపడి చదవండి" అని ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు. మేము నిజంగానే చీమల దగ్గరికి వెళ్లాం. చింతచెట్టుకు కాస్త ఎడంగా, ఎండ పడే చోట గడ్డిగింజలు మోసే చీమల పుట్ట ఒకటి ఉండేది. పుట్ట అంటే కుప్పగా లేచినది కాదు, నేలలో ఒక కన్నం. ఆ కన్నం చుట్టూ పొట్టు గుండ్రంగా పరిచినట్టు పడి ఉంటుంది. గింజను లోపలికి తీసుకెళ్లి, ఒలిచి, పొట్టును బయటికి తెచ్చి పారేస్తాయి. బోర్లా పడుకుని, గడ్డం నేలకు ఆనించి చూస్తే తప్ప ఇది తెలియదు. ఒక చీమ తనకంటే పొడవైన గింజను నోట కరుచుకుని వెనక్కి నడుస్తూ లాగుతుంటే, ఎదురుగా పొట్టు మోస్తూ వచ్చేది పక్కకు తప్పుకోవడం భూతద్దంలో చూశాను. మీసాలు రెండూ తగిలించుకుని మరీ తప్పుకుంది. వాన పడి వెలిసిన మర్నాడు అవే చీమలు తడిసిన గింజలను బయటికి తెచ్చి ఎండబెట్టుకున్నాయి. మా అమ్మమ్మ అదే రోజు పెరట్లో చాప పరిచి తడిసిన కందులు ఎండబోసింది. ఇది నేను తరగతిలో చెబితే టీచరమ్మ ఎంతగానో మెచ్చుకుని, మా అమ్మమ్మను కూడా రిజిస్టరులో రాసుకుంటానన్నారు.

ఇక పిచ్చుకల సంగతి.

గుడిలో వేదికకు ఎడమపక్క గోడకు కీర్తనల నంబర్లు పెట్టే చెక్క పలక వేలాడేది. పైన మేకుకు తగిలించి, కింద కొంచెం ముందుకు వాలి ఉండటంతో వెనుక సందు ఏర్పడింది. అందులో పిచ్చుకలు గూడు పెట్టాయి. ప్రసంగం జరుగుతున్నప్పుడు గడ్డిపరకలు రాలిపడేవి. అయ్యగారు గొంతు పెంచితే అవీ పెంచేవి. గంట కొట్టే తాత ఒకరోజు పొడుగాటి కర్ర పట్టుకుని తయారయ్యాడు. ఆయన తప్పేమీ లేదు, ఊడ్చుకోవలసింది ఆయనే. టీచరమ్మ నేరుగా అయ్యగారి దగ్గరికి వెళ్లి 84వ కీర్తన తెరిచి చూపించారు. దేవుని బలిపీఠం దగ్గరే పిచ్చుకకు ఇల్లు దొరికిందని అక్కడ రాసి ఉంది. "కీర్తనకారుడు సంతోషపడిన దానికి మనం ఖాళీ చేయిస్తామా అయ్యగారూ?" అన్నారు. అయ్యగారు నవ్వి, తాతను కర్ర దించమన్నారు. పిల్లలు ఎగిరిపోయేదాకా పలకను గోడ మీద నుంచి తీయకుండా, స్టూలు వేసుకుని ఎక్కి జాగ్రత్తగా నంబర్లు మార్చాలని తీర్మానమైంది. ఆ స్టూలు పట్టుకునే ఉద్యోగం నాకు దక్కింది.

మేము భక్తి కొద్దీ, పిచ్చుక పిల్లలకని నూకలు తెచ్చి కిటికీ గట్టు మీద పోసేవాళ్లం. పెద్ద పిచ్చుకలు ఆ నూకలు తామే తినేసి, పిల్లల కోసం మాత్రం ఆకుపచ్చటి గొంగళి పురుగులు, మిడతలు నోట పట్టుకుని పోయేవి. పిచ్చుక పిల్లకు మొదట్లో పురుగే కావాలని, గింజ అరిగించుకునే వయసు తరువాత వస్తుందని టీచరమ్మ చెప్పారు. అంతకుముందు పురుగులను చూసి అసహ్యించుకునే నేను అప్పటి నుంచి వాటిని పిచ్చుకల అన్నంగా లెక్కేసుకున్నాను.

ఒక ఆదివారం కూనల్లో ఒకటి కిందపడి చచ్చిపోయి ఉంది. ఈకలు ఇంకా సరిగా రాలేదు, నోటి అంచులు పసుపుపచ్చగా ఉన్నాయి. కాసుకు రెండు పిచ్చుకలనే వాక్యం, తండ్రి సెలవు లేక వాటిలో ఒకటైనా నేలను పడదనే మాట మేము అంతకుముందే కంఠతా పట్టి ఉన్నాం. మాలో ఒక పిల్లవాడు సూటిగా అడిగేశాడు: "అయితే దేవుడు దీనికి సెలవెందుకు ఇచ్చాడు టీచరమ్మా?" ఆవిడ కొంతసేపు మాట్లాడలేదు. తరువాత "నాకూ తెలియదు నాన్నా. ముందు దీన్ని పాతిపెడదాం పదండి" అన్నారు. వేపచెట్టు కింద సుద్దముక్కల డబ్బాలో పెట్టి పాతాం. గుడిలో పెద్దవాళ్ల నోట "తెలియదు" అనే మాట వినడం మాకు అదే మొదలు. ఇప్పుడు ఎవరైనా సండే స్కూలు టీచరు పదవికి కావలసిన అర్హత ఏమిటని అడిగితే నేను ఆ మాటే చెబుతాను.

ఆవగింజ పాఠం మాత్రం అంత బాగా కుదరలేదు. పోపులపెట్టెలోంచి చిటికెడు ఆవాలు తెచ్చి పాలడబ్బాల్లో చల్లాం. మూడో నాటికి మొలకలు వచ్చాయి. అయితే అది మే నెల, సెలవుల బైబిలు తరగతులు. గుంటూరు ఎండలకు ఆవమొక్క ఎక్కడ నిలుస్తుంది? వడలిపోయాయి. ఆవ చలికాలపు పైరు అని చెప్పి, టీచరమ్మ నవంబరులో మళ్లీ చల్లించారు. ఈసారి నడుము ఎత్తు పెరిగి పసుపుపచ్చగా పూశాయి. కానీ సువార్తలో చెప్పినట్టు ఆకాశపక్షులు వచ్చి వాలేంత చెట్టు కాలేదని మేము ఫిర్యాదు చేశాం. గలిలయ ప్రాంతంలో నల్ల ఆవ మనిషిని మించి పెరుగుతుందని, మనం పోపులో వేసుకునేది దాని చుట్టమని ఆవిడ చెప్పారు. మాకు పూర్తి తృప్తి కలగలేదు గానీ, ఆ కాయలు ఎండాక రాలిన ఆవాలతో మా ఇంట్లో పులిహోర చేశారు.

క్రైస్తవ సంవత్సరంలో ప్రకృతితో ముడిపడ్డ రోజులు ఎన్ని ఉన్నాయో ఆవిడ చేతి కింద పెరిగితేనే తెలుస్తుంది. మట్టల ఆదివారానికి ముందు శనివారం కాలువ గట్టున ఈతమట్టలు కోయడానికి పెద్దవాళ్లతో కలిసి వెళ్లేవాళ్లం. యోహాను సువార్తలో ఉన్నవి ఖర్జూరపు మట్టలు. మన ఈతచెట్టు ఖర్జూరానికి సొంత జాతిదే. మట్ట మొదట్లో ఉండే ముళ్లు సూదుల్లా దిగుతాయి, పట్టుకునే చోట కత్తితో చెక్కించుకోవాలి. "హోసన్నా" అని అరుస్తూ ఊరేగింపులో నడిచిన చేతుల్లో సగానికి పైగా ముళ్లు గుచ్చుకున్నవే. ఈస్టరు రోజు ఇంకా చీకటి ఉండగానే కొవ్వొత్తులు, బంతిపూల దండలు పట్టుకుని సమాధుల తోటకు వెళ్లేవాళ్లం. అక్కడ ఏ పిట్ట ముందు కూస్తుందో వినమనేవారు. వేపపూత రాలే కాలం అది, చెప్పుల కింద సన్నగా నలిగేది. కోయిలే ముందని సగం మంది, కాదు కాకే అని సగం మంది పోట్లాడుకునేవాళ్లం.

కోతపండుగకు పిల్లలు కొన్న వస్తువు తేకూడదు, సొంతంగా పెంచింది తేవాలి. పెద్దలు తెచ్చిన మిరపకాయల బస్తా, గుమ్మడికాయలు, కోడిపుంజుల పక్కన నా తోటకూర కట్ట వేలానికి వచ్చింది. పాస్టరు అయ్యగారి భార్య, మా అమ్మగారు, దాన్ని బజారు ధరకు ఎన్నో రెట్లు పాడి కొన్నారు. ఆదాము ఏదెను తోటలో చేయవలసిన పని సేద్యం, కాపలా అని ఆ వారమే చదువుకున్నాం కాబట్టి నేను కొంతకాలం ఆదాము అంత గర్వంగా తిరిగాను.

జూన్ నెలాఖరులో తొలకరికి ఆరుద్ర పురుగులు వచ్చేవి. నల్లరేగడి మీద ఎర్ర మఖమలు చుక్కలు. మగపిల్లలు అగ్గిపెట్టెల్లో పోగుచేసి తెచ్చేవారు. ముట్టుకుంటే కాళ్లు లోపలికి ముడుచుకుని ఊరుకుంటుంది, కాసేపు ఓపిక పడితే మళ్లీ నడుస్తుంది. కాళ్లు లెక్కపెట్టమన్నారు. ఎనిమిది. అంటే పురుగు కాదు, సాలీడు వైపు బంధువు. లెక్క అయ్యాక ఏ చోట దొరికిందో ఆ చోటనే వదిలి రావాలి. దూరమైనా సరే. ఈ నియమం మాత్రం ఆవిడ ఎవరికీ సడలించలేదు.

ఏటా జూలై 31న, అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ హెయ్యర్ అయ్యగారిని తలుచుకునేవాళ్లం. 1842లో ఆ తేదీన ఆయన గుంటూరు చేరారు. ఉపన్యాసాలు మాకు పట్టేవి కావు. టీచరమ్మ మాత్రం మమ్మల్ని చింతచెట్టు చుట్టూ చేతులు కలిపి నిలబెట్టి, ఆయన వచ్చేనాటికి ఇది ఉందా లేదా ముసలివాళ్లను అడిగి రమ్మన్నారు. తలా ఒక వయసు చెప్పారు. అడిగిన పుణ్యానికి గుంటూరు మంచినీళ్ల బావుల కథలు, పాత తోటల పేర్లు బోలెడు తెలిశాయి.

మా పెద్దమ్మ వాళ్లు కాథలిక్కులు. ఫిబ్రవరిలో వాళ్లతో కలిసి విజయవాడ గుణదల తిరునాళ్లకు వెళ్లేదాన్ని. కొండెక్కి సిలువ దాకా పోయి వచ్చాక "కొండ మీద ఏయే చెట్లున్నాయి?" అని టీచరమ్మ అడిగితే నా దగ్గర జవాబు లేదు. జనం, కొవ్వొత్తులు, జీళ్ల దుకాణాలు తప్ప నాకేమీ కనపడలేదు. మరుసటి ఏడు రాళ్ల సందుల్లో పెరిగిన వేప, రావి మొక్కలను చూసి మరీ దిగాను.

నేను పెద్దయి అదే తరగతి చేతిలోకి తీసుకునేనాటికి 2000 దాటింది. టీచరమ్మ రిటైరయ్యారు. పిల్లలను ఉప్పలపాడు తీసుకెళ్తున్నామంటే గొడుగు పట్టుకుని వ్యానులో ముందు సీట్లో కూర్చున్నారు. ఉప్పలపాడు గుంటూరుకు ఆనుకున్నట్టే ఉండే ఊరు, పెదకాకాని మండలం. ఊరి చెరువులో తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నీటికాకులు వందలకొద్దీ గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటి జోలికి పోరు, ఇతరులను పోనివ్వరు. దగ్గరికి వెళ్లేసరికి చేపల నీచు, రెట్టల ఘాటు కలిసి ముక్కు పగిలిపోతుంది. పట్నం పిల్లలు రుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు. అయిదు నిమిషాలకు మరిచిపోయారు.

ఒక గూడబాతు పిల్ల, తల్లి ముక్కు కింది సంచిలోకి మెడ దాకా తల దూర్చి తింటోంది. తల్లి ఊపిరాడక గింజుకుంటున్నట్టు మాకు అనిపించింది గానీ, దానికది మామూలే. 102వ కీర్తనలో బాధపడే మనిషి తనను అడవిలోని గూడబాతుతో పోల్చుకుంటాడు. ఆ పక్షి ఎలా ఉంటుందో తెలియకుండానే ఎన్నేళ్లు చదివామో! 104వ కీర్తనలో కొంగలు సరళవృక్షాల మీద నివసిస్తాయని ఉంది. ఒక పాప తుమ్మచెట్ల వైపు చెయ్యి చూపించి "ఇవి సరళవృక్షాలు కావు కదా అమ్మమ్మగారూ" అంది. "కీర్తనలు రాసినాయన గుంటూరు జిల్లా రాలేదు తల్లీ, వచ్చి ఉంటే తుమ్మ అనే రాసేవాడు" అన్నారు టీచరమ్మ.

అసలైన వాదన తిరుగు ప్రయాణంలో జరిగింది. ఆకాశపక్షులు విత్తవు, కోయవు, అయినా పరలోకపు తండ్రి పోషిస్తాడు అని వాక్యం ఎత్తుకోగానే, ఏడో తరగతి పిల్లవాడొకడు అడ్డం తగిలాడు. "పోషించడమేమిటండీ, ఎక్కడెక్కడి చెరువులకో ఎగిరి వెళ్లి చేపలు పట్టుకొస్తున్నాయి. ఊరికే కూర్చుంటే ఒక్క చేప కూడా రాదు" అన్నాడు. ఇంకొక పిల్ల "చెరువు ఎవరు ఇచ్చారు మరి?" అంది. "చెరువు ఊరివాళ్లు తవ్వారు." "వాన?" ఇలా పెదకాకాని నుంచి బ్రాడీపేట దాకా వాదించుకుంటూనే ఉన్నారు. టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు, ఒక్క మాట సాయం చేయలేదు. నేను తీర్పు చెప్పబోతే మోచేత్తో పొడిచారు.

ఆవిడ ఇప్పుడు లేరు. గుడి మరమ్మతులు చేసి కింది కప్పు వేశారు, ఏసీలు పెట్టారు, కీర్తనల నంబర్లు తెర మీద వస్తున్నాయి. పిచ్చుకలకు దూరే సందు లేదు. పెద్దలకు ఉక్కపోత తగ్గింది, దాన్ని నేను తప్పు పట్టను. కానీ గుడి బయట ఆవరణ మొత్తానికి సిమెంటు పలకలు పరిచినందుకు మాత్రం ఈ రోజుకూ కోపమే. చీమలేమి పాపం చేశాయి?

నేను విజయవాడ వచ్చి చాలా కాలమైంది. ఇక్కడి చర్చిలో మే నెలలో బైబిలు సెలవు బడికి సాయం చేస్తాను. కమిటీవాళ్లు థర్మోకోల్‌తో నోవహు ఓడ చేయిస్తారు, దానిలోకి ప్లాస్టిక్ జిరాఫీలు ఎక్కుతాయి. జిరాఫీ సరే, బందరు కాలువ గట్టున చేప కోసం కాచుకున్న లకుముకి పిట్టకు ఓడలో చోటు లేదా అని అడిగాను. ఆ బొమ్మ బజారులో దొరకదన్నారు. నిజమే, దొరకదు. అందుకని పొద్దున్నే ఎండ ముదరక ముందు, ఏడు గంటలకు, పాఠం కంటే ముందు అరగంట పిల్లలను కాలువ వైపుకో, పార్కుకో తీసుకెళ్లే అనుమతి సంపాదించుకున్నాను. ఫోను తేకూడదు. మోకాళ్ల మీద కూర్చోవాలంటే కూర్చోవాలి.

మొదటి వారం ఒక తల్లి నా దగ్గరికి వచ్చి "ఆంటీ, బైబిలు నేర్చుకోవడానికి పంపిస్తే పిల్ల గౌనంతా మట్టి చేసుకొచ్చింది" అంది. చీమలను చూడటానికి పడుకుందమ్మా, పాత గౌను వేసి పంపించు అన్నాను. ఆవిడ ముఖం చూస్తే మరునాడు పిల్ల రాదేమో అనుకున్నాను. వచ్చింది, మోకాళ్ల దగ్గర వెలిసిపోయిన గౌనులో. వెంట తమ్ముణ్ణి కూడా తీసుకొచ్చింది, వాడికి అసలు చొక్కానే లేదు.